చెయ్యి మంచిదే... కార్తె చూసుకున్నారా?

'నా చెయ్యి మంచిది కాదండీ! ఏది వేసినా మొలవదు.'

ఈ మాట మీరెప్పుడైనా అన్నారా? పక్కింటావిడ గుప్పెడు ధనియాలు చల్లితే కుండీ నిండా కొత్తిమీర నవనవలాడుతూ లేస్తుంది. మనం చల్లితే నాలుగు మొక్కలు... అవీ జానెడెత్తు లేవకముందే తెల్లగా పూసి కూర్చుంటాయి. ఆవిడ చిక్కుడు పాదు గంపలకొద్దీ కాస్తుంది. మనది ఆకులేసి ఊరుకుంటుంది. ఇంకేముంది, 'ఆవిడది చల్లని చెయ్యి, నాది కాదు' అని మనకి మనమే తీర్పు చెప్పేసుకుంటాం. ఇంట్లోవాళ్లు 'ఎందుకొచ్చిన తంటా! బజార్లో దొరకడం లేదా?' అంటారు. మిగిలిన విత్తనాల పొట్లం వంటింటి అలమరలో ఓ మూలకి చేరి పురుగు పట్టిపోతుంది.

నేనూ అలా అనుకున్నదాన్నే. దాదాపు రెండేళ్లు అనుకున్నాను.

పెళ్లయి హైదరాబాద్ వచ్చిన కొత్తల్లో మేం అద్దెకున్న ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉండేది. నేను బళ్లో టీచర్ని. ఒంటిపూట బడులు పెట్టారు. మధ్యాహ్నాలు తీరిక. విత్తనాల కొట్టుకెళ్లి కేరెట్, కొత్తిమీర, మెంతికూర... ప్యాకెట్ మీద బొమ్మ నచ్చినవన్నీ కొనుక్కొచ్చాను. టమాటా నారు కూడా తెచ్చాను. అన్నీ ఉగాది మర్నాడు ఒక్కరోజే వేసేశాను. పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్లు. కేరెట్ ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. కొత్తిమీర సంగతి పైన చెప్పాను కదా. టమాటా మాత్రం ఏపుగా పెరిగి మే నెలలో విరగబూసింది. పూసిన పువ్వల్లా కాడతో సహా రాలిపోయింది.

ఎండకే పోయాయి, చలికాలంలో అయితే బతుకుతాయనుకుని డిసెంబరులో బెండ, బీర, దోస వేశాను. సగం మొలవలేదు. మొలిచిన బెండ సంక్రాంతికి కూడా వేలెడెత్తే ఉంది. ఆ తర్వాతి జూన్‌లో చిక్కుడు పెట్టాను. అది నన్ను మరీ ఏడిపించింది. ప్రహరీ ఎక్కింది, బట్టల తీగ ఎక్కింది, పక్కవాళ్ల జామచెట్టు కూడా ఎక్కేసింది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు... ఒక్క పువ్వు లేదు. 'గొడ్డుపాదులా ఉంది' అంది వీధిలో ఒకావిడ. అప్పటికి నాకు పెళ్లయి మూడేళ్లు, ఇంకా పిల్లల్లేరు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. దసరాకి ఇల్లు సర్దుతూ పాదుని మొదలంటా పీకి గోడవతల పడేశాను.

మర్నాడే మా మేనత్త పండక్కి వచ్చింది. వాడిన తీగల గుట్ట చూసి నెత్తి కొట్టుకుంది.

'పిచ్చిపిల్లా! చిక్కుడు దసరాకి పూస్తుందిటే ఎక్కడన్నా? ఇంకో నెల ఆగితే దీపావళి వెళ్లాక గుత్తులు గుత్తులుగా పూసేది కదే!'

'అది గొడ్డుపాదట అత్తయ్యా' అన్నాను.

'గొడ్డూ లేదు, గాడిదా లేదు. దాని కార్తె దానికి రావద్దూ!'

మా అత్తయ్య గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. ఆవిడ చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకుని కోనసీమలో మా ఇంటికి తిరిగొచ్చేసింది. మృగశిర కార్తెకి మా పెరట్లో తొలి గింజ పెట్టడమంటే ఒక తతంగం. పసుపు రాసుకుని, కుంకం పెట్టుకుని అమ్మ పెట్టాలి. అత్తయ్యను పిలిచేవారు కాదు. ఆవిడ వంటింటి గుమ్మంలోనే నిలబడేది. కానీ ముదిరిన బీరకాయల్ని ఎండబెట్టి దూలానికి వేలాడదీసిందెవరు? ఆనప గింజల్ని బూడిదలో కలిపి కుండలో పోసి మూతికి గుడ్డ కట్టిందెవరు? 'పొట్ల ఇవాళొద్దు వదినా, ఇంకో వాన పడనీ' అని లోపల్నుంచి చెప్పిందెవరు? అన్నీ ఆవిడే. కాపు విరగకాస్తే మాత్రం 'మీ అమ్మ చెయ్యి మంచిది' అనేది ఊరు ఊరంతా.

ఆ దసరాకి వచ్చిన అత్తయ్యని నెలన్నర కదలనివ్వలేదు. గోడ మీది క్యాలెండర్ తీసి ముందు పెట్టుకుని, ఏది ఎప్పుడో ఆవిడ చెబుతుంటే నేను పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. కింద రాసిందంతా ఆ పెన్సిల్ గుర్తులూ, ఆ తర్వాత పుస్తకాలు చదివి, వేసి చూసి నేను సరిచూసుకున్నదీను.

తేదీ మారని లెక్క

పండగలు ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతాయి. కార్తెలు అలా కాదు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులుంటాడు. అదే కార్తె. ఏడాదికి 27. సూర్యుడితో నడిచే లెక్క కాబట్టి ఇంగ్లీషు తేదీలతో దాదాపు కలిసిపోతుంది. రోహిణి మే 25 ప్రాంతంలో వస్తుంది. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో. ఆరుద్ర 21, 22 తేదీల్లో. హస్త సెప్టెంబరు 27 ప్రాంతంలో, స్వాతి అక్టోబరు 23, 24 తేదీల్లో. ఏ తెలుగు క్యాలెండర్ చూసినా వేసి ఉంటాయి. మనమే వర్జ్యం, రాహుకాలం చూసుకుని కార్తె గడి చూడం.

కార్తె అనగానే వానల లెక్క అనుకుంటాం. వాన ఒక్కటే కాదు. మొక్క మూడు సంగతులు కనిపెడుతుంది... పగలు ఎంతసేపుంది, రాత్రి ఎంత చల్లబడింది, నేలలో తడి ఎంతుంది అని. కొన్ని మొదటిదాన్ని పట్టించుకుంటాయి, కొన్ని రెండోదాన్ని. మనం వాటికి పట్టని వేళ వేసి, ఎన్ని బిందెల నీళ్లు పోస్తే మాత్రం ఏం లాభం?

పగలు కురచైతేనే పూత

హైదరాబాద్‌లో జూన్ 21 నాటి పగలు 13 గంటల పైమాటే. డిసెంబరు 21, 22 నాటికి 11 గంటలకి దిగుతుంది. మనకి ఈ రెండు గంటల తేడా పెద్దగా తెలియదు. చిక్కుడుకి తెలుస్తుంది. మన పందిరి చిక్కుడు పగలు కురచబడి, రాత్రి పొడుగైతేనే పూస్తుంది. అందుకే ఏప్రిల్‌లో వేసినా, జూన్‌లో వేసినా, ఆగస్టులో వేసినా పూత అక్టోబరు, నవంబరుల్లోనే. ముందు వేస్తే ముందు కాయదు. ఆకులు ఎక్కువేస్తుంది, మన చేత తిట్లు తింటుంది. రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి, చిక్కుడుకాయలతో రథం చేసి సూర్యుడికి చూపిస్తాం చూశారూ... ఆ వేళకి పాదు నిండు కాపులో ఉంటుంది. ఆ పండక్కి ఆ కాయ ఎందుకొచ్చిందో నాకైతే ఇప్పుడు బాగా అర్థమైంది.

మరి పందిరి చిక్కుడు ఎప్పుడు వెయ్యాలి? జూన్, జూలై నెలల్లో. ఆషాఢ మాసం అనుకోండి. అప్పటికి పూత వేళకి తీగ బాగా అల్లుకుని ఉంటుంది. అంతకంటే ఆలస్యమైతే పూస్తుంది కానీ తీగ చిన్నదై కాపు తగ్గుతుంది. పందిరికి చోటు లేదంటారా, పొట్టి రకాలున్నాయి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల 'అర్క జయ్', 'అర్క విజయ్' అలాంటివే. వాటికి పగటి లెక్కతో పని లేదు, ఏ కాలంలోనైనా పూస్తాయి. కొనేముందు 'పందిరి చిక్కుడా, పొట్టి చిక్కుడా' అని కొట్లో ఒక్క ముక్క అడగండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

గోంగూరదీ ఇదే జాతకం, కాకపోతే తిరగేసి. చిక్కుడు పూస్తేనే మనకి లాభం, గోంగూర పూస్తే నష్టం. పూతకొచ్చిందంటే ఆకు చిన్నదైపోతుంది, కాడ నారెక్కుతుంది. అక్టోబరులో గోంగూర వేసి, అడుగెత్తు లేవకుండానే పూసిందని విత్తనాల కొట్టువాడిని తిట్టిన వాళ్లని నేనెరుగుదును. పగళ్లు పొడుగ్గా ఉన్నప్పుడే దాన్ని తినెయ్యాలి. మార్చి నుంచి జూలై దాకా ఎప్పుడు చల్లినా ఆకు పుష్కలంగా వస్తుంది. చివర్లు తుంచుతూ ఉంటే పక్క కొమ్మలేస్తుంది.

అమెరికాలో న్యూజెర్సీ దగ్గరుండే మా చెల్లెలు 'ఇక్కడ గోంగూర బ్రహ్మాండంగా వస్తోందక్కా, చిక్కుడే ఎన్నేళ్లయినా కాయదు' అని ఫోన్లో వాపోయింది. రాదు మరి. అక్కడ వేసవి పగళ్లు మనకంటే పొడుగు. సెప్టెంబరు చివర్లో చిక్కుడు పూత మొదలెట్టేసరికి మంచు కురిసి పాదు నల్లబడిపోతుంది. ఇక్కణ్నుంచి మనిషి చేత విత్తనాలు పంపించమనడం మానెయ్యమని చెప్పాను. దానికి పనికొచ్చేది పొట్టి రకమే.

రాత్రి చల్లబడితేనే కాయ

టమాటాకి పగటి నిడివి పట్టదు, వేడి పడుతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కగా ఉంటే పువ్వులో పుప్పొడి పాడైపోతుంది. పిందె కట్టదు, పూత రాలిపోతుంది. మందు కొట్టినా, దిష్టి తీసినా ఆగదు. మే నెలలో నా పెరట్లో జరిగింది అదే. పెద్ద తోటల్లోనూ అంతే. మే ఎండకి పూత నిలవకపోతే ఆ దెబ్బ జూన్, జూలైల్లో బజార్లో కనిపిస్తుంది. పైన వానలూ తెగుళ్లూ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. 2023 జూలైలో కిలో టమాటా వంద దాటి పరుగెత్తిన రోజులు మనమెవరం మర్చిపోలేదు కదా!

ఇంటి టమాటాకి నా లెక్క ఇది. ఆగస్టు చివర, పుబ్బ కార్తెలో నారు పోసుకోండి. 25, 30 రోజులకి ఉత్తర, హస్తల్లో కుండీల్లోకి మార్చండి. పూత అక్టోబరు చివరికి వస్తుంది. అప్పటికి రాత్రుళ్లు చల్లబడతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయ కోసుకోవచ్చు. జూన్‌లో వేసినా కాస్తుంది కానీ ఎడతెరిపి లేని వానకి ఆకుమచ్చ, కుళ్లు. పెరట్లో నాలుగు మొక్కల కోసం అంత అవస్థ ఎందుకు?

కేబేజీ, కాలీఫ్లవర్ నారు సెప్టెంబరులో పోసి అక్టోబరులో నాటాలి. కాలీఫ్లవర్ పువ్వు గట్టిగా రావాలంటే చలి తగలాల్సిందే. కేరెట్, బీట్‌రూట్, ముల్లంగి అక్టోబరు, నవంబరుల్లో. కేరెట్‌కి, ముల్లంగికి నారు పోయకూడదు సుమా! వేరే కదా మనం తినేది, పీకి మారిస్తే రెండు కాళ్లేస్తుంది. ఎక్కడ పెరగాలో అక్కడే చల్లుకోవాలి.

ఇక కొత్తిమీర. ఎక్కువమంది ఓడిపోయేది దీని దగ్గరే. ధనియం అంటే ఒక గింజ కాదు, రెండు గింజల జంట. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తితే రెండుగా విడిపోతుంది. పొడి చెయ్యకండి! రాత్రంతా నానబెట్టి చల్లితే ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో మొలుస్తుంది. నాలుగో రోజే కంగారుపడి మట్టి కెలికి చూసేవాళ్లున్నారు, అలా చెయ్యకూడదు. ఎండల్లో వేస్తే మొలక తక్కువ, మొలిచింది తొందరగా పూతకెళుతుంది. 'నా పని అయిపోతోంది, గింజ చేసుకోవాలి' అనుకుంటుంది కాబోలు పాపం. అక్టోబరు చివర్నుంచి జనవరి దాకా దాని రాజ్యం. ఆ నెలల్లో రెండు వారాలకో కుండీ చొప్పున చల్లుకుంటూ పోతే ఇంటికి లోటుండదు. ఎండాకాలంలో తప్పదనుకుంటే మధ్యాహ్నం నీడ పడే చోట వేసి, నెల తిరక్కుండా వేళ్లతో సహా పీకి వాడేసుకోవడమే. మెంతికూర ఇంత పేచీ పెట్టదు. మూడు, నాలుగు రోజుల్లో మొలుస్తుంది, కానీ దానికీ చలే ఇష్టం. పున్నమికి చల్లాలా, అమావాస్యకా అని వాదించుకునేవాళ్లున్నారు. నేను రెండిటికీ చల్లి చూశాను. తేడా కనబడలేదు.

ఆ ఏడు దీపావళి వెళ్లిన మూడో నాడు మా పెరట్లో ధనియాలు చల్లాం. చల్లాం అంటే, అత్తయ్య చల్లింది. ముందు 'నువ్వు చల్లవే, నేనెందుకూ' అని వెనక్కి తగ్గింది. పొట్లం ఆవిడ చేతిలో పెట్టి నేను లోపలికెళ్లి పొయ్యి మీద పాలు చూసుకున్నాను. కాసేపటికి వచ్చి చూస్తే మడి తడిపి, పైన ఎండుగడ్డి కూడా పరిచేసింది. తొమ్మిదో రోజుకి మొలిచింది. ఇంకో రెండు వారాలు ఆవిడ పొద్దున్నే లేచి మొదట వెళ్లింది ఆ మడి దగ్గరికే.

వానతో వచ్చేవి, వెచ్చదనంతో వచ్చేవి

మృగశిర కార్తె పాదుల కార్తె. బీర, ఆనప, కాకర, పొట్ల, దోస, గుమ్మడి అన్నీ జూన్, జూలైల్లో వేసుకోవాలి. నాలుగు చినుకులకే గింజ పెట్టెయ్యకండి. పైపైన తడిసి లోపల వేడిగా ఉన్న మట్టిలో గింజ ఉడికిపోతుంది. జానెడు లోతు తడిసేంత వాన రెండుసార్లు పడనివ్వండి. అత్తయ్య 'ఇంకో వాన పడనీ' అనేది అందుకే. సంక్రాంతికి కావలసిన గుమ్మడికాయ అప్పుడు వేసిందే. ముందే పండినా పాడవకుండా నెలల తరబడి నిలవుంటుంది.

పాదు వేశాక మొదట వచ్చే పూలన్నీ రాలిపోతాయి. కంగారు పడొద్దు. అవి మగపూలు. కింద బుల్లి పిందెతో వచ్చేది ఆడపువ్వు, అది తర్వాత వస్తుంది. ఆ పిందె కూడా పసుపు బారి రాలిపోతోందంటే పుప్పొడి అందలేదన్నమాట. ఊళ్లో తేనెటీగలు, తుమ్మెదలు ఆ పని చూసుకుంటాయి. నాలుగో అంతస్తు మేడ మీదకి అన్నిసార్లూ రావు. మనమే మగపువ్వు తుంచి ఆడపువ్వుకి అద్దాలి. వేళ తెలుసుకుని అద్దాలి సుమా! గుమ్మడి, దోస, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి. బీర, ఆనప, పొట్ల పూలు సాయంత్రం పొద్దువాలాక విచ్చుకుంటాయి. పొద్దున లేచి బీరపువ్వు కోసం చూస్తే ఏముంటుంది? వాడిన రేకులు.

వంగ, మిరప నారు కూడా మృగశిర, ఆరుద్రల్లో పోసుకోవచ్చు. వంగ నెల రోజులకి, మిరప నలభై రోజులకి నాటడానికి వస్తుంది. బెండకి, గోరుచిక్కుడికి నారు అక్కర్లేదు, గింజే పెట్టాలి. బెండకి చలి అస్సలు పడదు. డిసెంబరులో నేను వేసిన బెండ వేలెడెత్తులో ఎందుకు ఆగిపోయిందంటే అదీ సంగతి. జూన్, జూలై దాటితే మళ్లీ సంక్రాంతి వెళ్లి చలి విరిగాకే. వేసిన 45, 50 రోజులకి కాయ కోస్తాం. ఎండాకాలం బెండకి ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారే తెగులొస్తుంది. తెల్లదోమ మోసుకొస్తుంది దాన్ని. 'అర్క అనామిక' లాంటి తట్టుకునే రకం వేసుకుంటే కొంత నయం.

పాదులకి కూడా రెండో విడత ఉంది. రథసప్తమి ప్రాంతంలో దోస, బీర, ఆనప, కాకర వేస్తే ఏప్రిల్‌లో కాపుకొస్తాయి. కాకపోతే నీళ్లు మనవే పోయాలి. తోటకూర ఒక్కటే ఏ కార్తెకీ కోపగించుకోని తల్లి. ఆవగింజకన్నా చిన్న విత్తనం కాబట్టి ఇసకలో కలిపి చల్లండి. నెల తిరిగేసరికి పులుసులోకి వచ్చేస్తుంది. మొదటిసారి పెరడు మొదలెట్టేవాళ్లు ముందు తోటకూర వెయ్యండి. ధైర్యం వస్తుంది.

గుమ్మం పక్కన నాలుగు ఆకులు

కరివేపాకు మొక్క వానల్లో నాటాలి. చెట్టు కింద వచ్చే పిలక తవ్వి తెచ్చుకున్నా బతుకుతుంది. గింజలతో పెంచాలనుకుంటే పండు రాలిన కొద్దిరోజుల్లోనే పెట్టెయ్యాలి, ఎండబెట్టి దాస్తే ఇక మొలవదు. చలికాలంలో ఆకు పండుబారి రాలుతుంది. చచ్చిపోయిందని పీకెయ్యకండి, ఎండలు మొదలవగానే చిగురిస్తుంది. పుదీనాకి విత్తనాల జోలికి పోనక్కర్లేదు. బజార్లో తెచ్చిన కట్టలో ముదురు కాడలు నాలుగు ఏరి, జూలై, ఆగస్టుల్లో నీడపట్టున గుచ్చితే వేళ్లూనుకుంటాయి. వాము ఆకు కొమ్మ కూడా అంతే. పసుపు, అల్లం కొమ్ములు రోహిణి, మృగశిరల్లో పాతిపెట్టి మర్చిపోవచ్చు. సంక్రాంతి వెళ్లాక ఆకులు ఎండి వాలిపోయినప్పుడు తవ్వుకోవడమే.

మీ ఊరు, మీ మేడ

ఇంతవరకూ చెప్పింది హైదరాబాద్ లెక్క. కొద్ది తేడాతో కోస్తాకి, తెలంగాణ జిల్లాలకి సరిపోతుంది. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. స్వాతి కార్తెలో కొత్తిమీర చల్లితే ఒక్క వాయుగుండంతో కొట్టుకుపోతుంది. అక్కడివాళ్లు వానలు నెమ్మదించాక చల్లుకోవడం మంచిది. అనంతపురంలో జూన్ వానను నమ్ముకోలేం, సెప్టెంబరులోనే అక్కడ ఎక్కువ పడుతుంది. ఆదిలాబాద్‌లో చలి ముందే వచ్చి ఆలస్యంగా పోతుంది, కాబట్టి కేరెట్‌కి పండగ, వేసవి బెండకి ఫిబ్రవరి దాకా ఆగాలి. విశాఖ, కాకినాడల్లో సముద్రం పక్కన రాత్రుళ్లు అంత చల్లబడవు. కాలీఫ్లవర్ మరీ చిన్నదొచ్చిందని బాధపడకండి. అదే అరకులో చూడండి, మాటే వేరు.

ఎండ ఎటు పడుతుందో కూడా చూసుకోవాలి. దక్షిణాయనంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు. ఇంటికి ఉత్తరాన ఉన్న జాగా నవంబరు నుంచి జనవరి దాకా నీడలోకి వెళ్లిపోతుంది. అక్కడ టమాటా వేస్తే పొడుగ్గా సాగి ఊరుకుంటుంది. శీతాకాలం కుండీలు దక్షిణం వైపుకి జరపండి. మేడ మీద ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా ఏదీ వెయ్యకపోవడమే మేలు. ఉన్నవాటికి పచ్చ వల కట్టి బతికించుకుంటే చాలు. ఖాళీ అయిన కుండీల మట్టి దులిపి పరిచి రోహిణి కార్తె ఎండలో ఎండనివ్వండి. రోళ్లు పగిలే ఎండంటారు కదా. మట్టిలో దాగిన పురుగుల కోశాలు, కలుపు వేళ్లు మాడిపోతాయి. తర్వాత చివికిన పశువుల ఎరువు కలిపి మృగశిరకి సిద్ధంగా ఉంచుకోవాలి.

'ఇప్పుడు వానలు కార్తె ప్రకారం వస్తున్నాయా?' అంటారేమో. నిజమే. నైరుతి 2023లో కేరళకే జూన్ 8న వచ్చింది. 2025లో మే 24నే వచ్చేసింది. రెండేళ్లకే రెండు వారాల తేడా! అందుకని వానతో వేసే పాదుల విషయంలో తేదీ కాదు, మట్టి చూడండి. తడిసిందా, వేళ్లతో నొక్కితే ముద్దవుతోందా అని. చలి పంటలకి రాత్రి చూడండి. ఫ్యాన్ రెండులో పెట్టుకుని దుప్పటి కప్పుకునే రాత్రి వచ్చిందంటే ధనియాలు చల్లొచ్చు. పగటి నిడివి మాత్రం మారదు. వాన ఎప్పుడొచ్చినా చిక్కుడు పూత దాని వేళకే.

చివరిగా విత్తనం. ప్యాకెట్ వెనక పరీక్షించిన తేదీ, గడువు తేదీ వేసి ఉంటాయి, చూసి కొనండి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే సరిగ్గా మొలవదు. బెండ, మెంతుల్లాంటివి పొడిగా దాస్తే రెండేళ్లు ఆగుతాయి. ఇంట్లో పాతవి ఉంటే వేసే ముందు పది గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూటకట్టి ఓ వారం ఉంచండి, గుడ్డ ఆరనివ్వకుండా. ఏడెనిమిది మొలిస్తే నిశ్చింతగా వేసుకోవచ్చు. నాలుగైదే మొలిస్తే రెట్టింపు గింజలు వెయ్యండి. ఒకటో రెండో మొలిస్తే ఆ పొట్లం పిచ్చుకలకి వేసి, కొత్తది కొనుక్కోండి.